తలల లెక్కేనా ప్రజాస్వామ్యం?

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇవ్వాళ సంఘానికి కొత్త కార్యవర్గాన్ని ఎన్నుకోవడానికి కూర్చున్నాం. చేతులెత్తండి, లెక్కపెడదాం, ఎక్కువ చేతులు ఎవరికొస్తే వాళ్లే అని ఒక్క మాటలో తేల్చెయ్యొచ్చు. అట్లా తేల్చేముందు కాసేపు ఆలోచించమని అడుగుతున్నాం. ఎందుకంటే చేతుల లెక్క కింద తరతరాలుగా నలిగింది మనమే.

మా ఊరి సంగతే చెప్తాం. వాడకు మంచినీళ్ల పైపు వెయ్యాలని గ్రామసభలో అడిగాం. అక్కడే లెక్కపెట్టారు. ఊరోళ్ల చేతులు రెండొందలు, మనవి అరవై. పైపు ఊళ్లోనే ఆగింది. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. అంతా ప్రజాస్వామ్య పద్ధతిలోనే జరిగింది. దాహం మాత్రం మనకు మిగిలింది.

రాజకీయ మెజారిటీ వేరు, పుట్టుకతో వచ్చే మెజారిటీ వేరు అని బాబాసాహెబ్ అంబేద్కర్ 1940లలోనే తేల్చి చెప్పారు. రాజకీయ మెజారిటీ ఇవ్వాళ ఉంటది, రేపు కరిగిపోతది. అందులోకి ఎవరైనా పోవచ్చు, ఎవరైనా బయటికి రావచ్చు. కులం మెజారిటీ అట్లా కాదు. దాని తలుపు పుట్టుకతోనే మూసి ఉంటది. మూసిన తలుపు ముందు నిలబడి ఎన్ని ఎన్నికలైనా ఓడిపోవచ్చు.

అందుకే ఆయన లెక్కనే మార్చాలన్నారు. 1945 మే నెలలో బొంబాయిలో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ సభలో ఒక ప్రణాళిక పెట్టారు. కేంద్ర శాసనసభలో వందకు హిందువులకు 40, ముస్లింలకు 32, షెడ్యూల్డ్ కులాలకు 20, సిక్కులకు 4, క్రైస్తవులకు 3, ఆంగ్లో ఇండియన్లకు 1. జనాభాలో సగం దాటిన వాళ్లకు కూడా సభలో సగం దక్కదు. దీని కిటుకు ఏమిటంటే, ఎంత పెద్దవాళ్లయినా ఇంకొకర్ని ఒప్పించకుండా ఒంటరిగా ఏలలేరు. ఒప్పించాలంటే మాట్లాడాలి. మాట్లాడాలంటే మనిషిగా చూడాలి.

అంతకుముందు సంగతి మీకు తెలిసిందే. 1932 ఆగస్టు కమ్యూనల్ అవార్డులో మనకు రెండు ఓట్లొచ్చాయి. ఒకటి మన ప్రతినిధిని మనమే ఎన్నుకోవడానికి, రెండోది అందరితో కలిసి వెయ్యడానికి. గాంధీ నిరాహారదీక్ష పట్టారు. సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం జరిగింది. రాష్ట్రాల శాసనసభల్లో సీట్లు 71 నుంచి 148కి పెరిగాయి, మన సొంత ఓటు పోయింది. దాని బదులు ప్రాథమిక ఎన్నిక పెట్టారు. మనవాళ్లు నలుగుర్ని ఎంచాలి, ఆ నలుగుర్లో ఒకర్ని అందరూ కలిసి గెలిపించాలి. మన ఓట్లతో మొదటొచ్చిన వాణ్ణి పక్కనబెట్టి, నాలుగోవాణ్ణి సవర్ణుల ఓట్లు గెలిపించొచ్చు. ఈ లొసుగునే అంబేద్కర్ ఎత్తిచూపారు.

1947 ఆగస్టులో రాజ్యాంగ సభలో మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్లిన మన తెలుగువాడు ఎస్. నాగప్ప ఒక సవరణ తెచ్చారు. రిజర్వుడు సీట్లో గెలిచేవాడికి, పోలైన షెడ్యూల్డ్ కులాల ఓట్లలో కనీసం నూటికి 35 రావాలన్నారు. ఎంత చిన్న కోరిక! అదీ నిలవలేదు. ఇవ్వాళ ఆంధ్రప్రదేశ్‌లో 29, తెలంగాణలో 19 అసెంబ్లీ సీట్లు మన పేరున ఉన్నాయి. గెలిపించేది మాత్రం ఎక్కువ చోట్ల మన ఓటు కాదు.

మెజారిటీ లెక్క తప్ప వేరే దారి లేదంటారు. అబద్ధం. 1946లో బాబాసాహెబ్ రాజ్యాంగ సభకు ఎట్లా వెళ్లారు? బెంగాల్ శాసనసభ నుంచి. జోగేంద్రనాథ్ మండల్, ఇంకా పిడికెడు మంది సభ్యులు ఆయనకు మొదటి ప్రాధాన్య ఓటు వేశారు. బదిలీ ఓటు పద్ధతి కాబట్టి ఆ పిడికెడు చాలింది. చేతుల లెక్కే అయితే ఆయన ఆ సభ గడప తొక్కేవారు కాదు.

ఇంకో ముచ్చట. 1957లో పార్వతీపురం లోక్‌సభ నియోజకవర్గానికి ఇద్దరు సభ్యులు. ఒక సీటు గిరిజనులది, ఒకటి జనరల్. గిరిజన అభ్యర్థులు ఇద్దరూ ఎక్కువ ఓట్లు తెచ్చుకుని రెండు సీట్లూ గెలిచారు. జనరల్ సీటుకు నిలబడ్డ వి.వి. గిరి వెయ్యిలోపు తేడాతో ఓడిపోయి కోర్టుకెక్కారు. 1959లో సుప్రీంకోర్టు దిప్పల సూరిదొర గెలుపే సరైందంది. 1961లో పార్లమెంటు చట్టం చేసి ఆ ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలనే ఎత్తేసింది. అదే గిరి 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఎట్లా? మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ సగం దాటకపోతే, రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాక! రాష్ట్రపతికి ప్రాధాన్య ఓటు, రాజ్యసభకు ప్రాధాన్య ఓటు. రాజ్యాంగం సవరించాలంటే మూడింట రెండొంతులు. పెద్దవాళ్ల వ్యవహారంలో వట్టి మెజారిటీ చాలదని వాళ్లకూ తెలుసు.

మరి ఓటే లేకుండా అందరం ఒక మాటమీద ఉందామంటే? జాగ్రత్త! 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఏకగ్రీవ పంచాయతీలకు 5 లక్షల నుంచి 20 లక్షల దాకా నజరానా ప్రకటించారు. పెద్దమనుషుల అరుగు మీద కుదిరిన ఏకగ్రీవంలో మన గొంతు ఎక్కడుంది? కాదనే హక్కు లేని చోట ఏకగ్రీవమంటే, లెక్క కూడా పెట్టని మెజారిటీయే.

ఇక మన ఇంటి సంగతి. చేదుగా ఉన్నా చెప్పాలి. ఊరు మనకు చేసిందే మనం మనలోని చిన్నవాళ్లకు చేస్తున్నాం. ఈ సంఘంలో డక్కలి, బైండ్ల ఇళ్లు గుప్పెడు. ఇన్నేళ్లలో వాళ్లలో ఒక్కరు కార్యవర్గంలోకి రాలేదు. ఆడవాళ్లు సభకు వస్తారు, జెండా మోస్తారు, కుర్చీ దగ్గరికి రారు. ప్రతిసారీ ఎన్నిక సక్రమంగానే జరిగింది. పైపు తీర్మానం కూడా సక్రమంగానే జరిగింది కదా!

అందుకని రెండు ప్రతిపాదనలు పెడుతున్నాం.

ఒకటి: కార్యవర్గం ఐదుగురు. ఒక్కొక్కరికి ఐదు ఓట్లు. ఐదూ ఒక్కరికే వెయ్యొచ్చు, పంచొచ్చు. వందమందిలో ఇరవైమంది ఒక జట్టనుకోండి. వాళ్ల ఓట్లన్నీ ఒకరికి పోస్తే వంద. మిగతా ఎనభైమందివి నాలుగొందలు, ఐదుగురికి పంచితే తలా ఎనభై. ఆ ఇరవైమంది మనిషి గెలిచి తీరతాడు. చేతులెత్తే పద్ధతిలో ఐదుకు ఐదూ ఎనభైమందివే. ఇది కొత్త వింత కాదు, 1937లో బొంబాయి రాష్ట్ర ఎన్నికల్లో నడిచిందే.

రెండు: ఒక చిన్న జట్టు బతుకును నేరుగా తాకే తీర్మానం ఆ జట్టులో సగంమంది ఒప్పుకోకుండా నెగ్గకూడదు.

దీనివల్ల మాలో కొందరి కుర్చీలు పోతాయి. తెలిసే చెప్తున్నాం. ఊరిమీద అడిగే న్యాయం ముందు మన చాప మీద జరగాలి. ఇప్పుడు మీరు మాట్లాడండి. వెనక కూర్చున్నవాళ్లు ముందు.

జైభీమ్!