ఎవరు చెప్పారు? ఏ నూనె పోశారు?

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పైనాలుగేళ్ళు ఫైళ్ళ మధ్య బతికిన గుమాస్తాకు విమానాల సంగతెందుకని మీరు నవ్వుకోవచ్చు. మా అల్లుడు అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని విచిటాలో ఉద్యోగం చేస్తున్నాడు. 1927లో సెస్నా విమానాల కంపెనీ పుట్టిన ఊరది. అక్కడ చిన్న విమానాలు సొంతానికి ఉంచుకునేవాళ్ళు చాలామంది. మావాడు కూడా ఇద్దరు మిత్రులతో వాటా కలిసి 1978 నాటి సెస్నా 172 ఒకటి కొన్నాడు. నాలుగు సీట్లు, ఒకటే ఇంజను. ఆదివారాలు మా అమ్మాయినీ మనవరాలినీ అందులో తిప్పుతుంటాడు. రెండేళ్ళ క్రితం నేను వెళ్ళినప్పుడు జరిగిన సంగతి మనవి చేస్తాను.

శనివారం ఉదయం విమానాల షెడ్డులో ఓనర్లంతా కాఫీకి చేరతారు. అచ్చం మన పార్కు బెంచీయే. మనం బి.పి. గురించి మాట్లాడుకుంటాం, వాళ్ళు ఇంజన్ల గురించి మాట్లాడుకుంటారు. తెలివైనవాళ్ళు. ఒకాయన, రెండో ప్రపంచయుద్ధ కాలంలో వాడింగ్టన్ అనే శాస్త్రజ్ఞుడు బ్రిటిష్ బాంబర్ల రికార్డులు లెక్కగట్టి, తనిఖీ అయిన వెంటనే చెడిపోవడాలు ఎక్కువవుతున్నాయని తేల్చిన వైనం చెప్పాడు. బాగున్నదాన్ని విప్పితే చెడుతుందన్నమాట. 1973లో అచ్చయిన ఆ పుస్తకం పేరు కూడా చెప్పాడు. అది నాకు నచ్చింది.

ఇంకో పెద్దాయన, "నాదీ మీ ఇంజనే. ఇరవై ఏళ్ళుగా ఆ సీసా మందు కలపలేదు, ఏమీ కాలేదు" అన్నాడు. అందరూ తలలూపారు. ఆ మాట అంతకుముందే విన్న మావాడు, కిందటిసారి నూనె తానే మార్చుకుంటూ మందు మానేశాడట. అక్కడ ఓనరు పైలటయితే నూనె తానే మార్చుకోవచ్చు.

నాకు మనవరాలు కళ్ళముందు మెదిలింది. "ఏమండీ అల్లుడుగారూ, ఆ మందు కలపమని రాతపూర్వకంగా ఎక్కడైనా ఉందా?" అన్నాను. ఇంటికి వెళ్ళి కాగితాలు తీశాం. ఆ దేశంలో కంపెనీవాళ్ళు పంపే సర్వీస్ బులెటిన్ మన సర్క్యులర్ మెమో వంటిది. సొంతానికి నడిపేవాడు చాలావరకు పాటించకపోయినా చట్టం పట్టుకోదు. ప్రభుత్వ విమానయాన శాఖ ఇచ్చే ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్ మాత్రం జి.ఓ. వంటిది, తప్పనిసరి. మావాడి ఇంజను లైకమింగ్ ఓ-320-హెచ్2ఏడి. దానిలో వాల్వులను ఎత్తే కామ్, టాపెట్ల పైపొర పెచ్చులూడే జబ్బు ఉండేది. అందుకే 1980లో 80-04-03 నంబరు డైరెక్టివ్ వచ్చింది. నూనె మార్చినప్పుడల్లా లైకమింగ్ మందు కలపాలి. అదే కంపెనీ తయారుచేసిన చాలా ఇంజన్లకు ఈ నిబంధన లేదు.

మరి ఆ పెద్దాయన అబద్ధమాడాడా? "ఆయన ఏ నూనె పోస్తారో అడగండి" అన్నాను. ఫోను చేస్తే, ఏరోషెల్ 15డబ్ల్యూ-50 అన్నాడు. అందులో ఆ మందు ముందే కలిసి ఉంటుంది! మావాడు పోసింది సాదా రకం. ఆయన మాట ఆయన నూనెకు నిజం, మావాడి నూనెకు ప్రమాదం.

మెకానిక్‌ను పిలిపించి పాత ఫిల్టరు కోసి చూపించాం. దేవుడి దయవల్ల లోహపు పొట్టు లేదు. నూనె మార్చి, మందు కలిపి, లాగ్‌బుక్కులో రాసి సంతకం చేశాకే విమానం లేచింది. మరుసటి శనివారం ఆ పెద్దాయనే లేచి, "నూనె పేరు చెప్పకపోవడం నా పొరపాటు" అని అందరిముందూ అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన మాటమీద నాకు గౌరవం పెరిగింది.

మిత్రులారా, గుంపు మాటను తూచడానికి నాకు తోచినవి ఇవి. చెప్పినవాడు స్వయంగా చూశాడా, విన్నాడా? అతని ఇంజనూ నీ ఇంజనూ ఒకటేనా, నూనెతో సహా? కాగితం ఉందా, నంబరూ తేదీ ఉన్నాయా? అతను ఏదైనా అమ్ముకుంటున్నాడా? తప్పు చెబితే దిద్దుకుంటాడా? ఇంకొకటి, ఇంజను పాడై విమానం అమ్ముకున్నవాడు శనివారం కాఫీకి రాడు. బాగున్నవాళ్ళ మాటలే మనకు వినిపిస్తాయి. చుట్టలు తాగి తొంభై ఏళ్ళు బతికిన తాత కథ అందరికీ తెలుసు, యాభైకే పోయినవాళ్ళ కథ ఎవరూ చెప్పరు.

డి.ఏ. బకాయిలు పడుతున్నాయట అని ఎవరైనా అంటే మనం వెంటనే "జి.ఓ. నంబరెంత?" అంటాం. షుగరు బిళ్ళలు మానేసి ఫలానా కషాయం తాగండి అన్నప్పుడు మాత్రం అడగం. అక్కడా అడుగుదాం. డబ్బు పోతే వచ్చే నెల వస్తుంది, శరీరానికి ఉన్నదీ ఒకటే ఇంజను.