షాలుమో నుంచి క్లారినెట్ దాకా

షాలుమో 17వ శతాబ్దం చివర్లో యూరప్‌లో రూపుదిద్దుకున్న ఊదే వాద్యం. దానికి ఒకే రీడ్. మంద్రస్వరాలు మెత్తగా, నిండుగా పలికేవి గానీ పైస్థాయి అందేది కాదు. న్యూరెంబర్గ్ వాద్యనిర్మాత యోహాన్ క్రిస్టోఫ్ డెన్నర్ 1700 ప్రాంతంలో ఆ లోటు తీర్చాడని ప్రతీతి. బొటనవేలితో ఒక మీట నొక్కితే చాలు, మంద్ర షడ్జమం ఒక స్థాయి దాటి ఆపై పంచమానికి ఎగురుతుంది. అలా పుట్టింది క్లారినెట్. దాని కింది స్వరాలను నేటికీ షాలుమో అనే అంటారు.

క్లారినెట్ కుటుంబానికే చెందిన, ఒంపు తిరిగిన బాసెట్ హార్న్ 18వ శతాబ్దం రెండో సగంలో వచ్చింది. దాని గంభీరమైన నాదం మొజార్ట్ రిక్వియంలో వినిపిస్తుంది.

వీటన్నిటిలో విశేషమైనది బాసెట్ క్లారినెట్. వియన్నా కళాకారుడు అంటోన్ స్టాడ్లర్ వాయించిన ఈ వాద్యం మామూలు క్లారినెట్ కంటే నాలుగు అర్ధస్వరాలు కిందికి దిగుతుంది. మొజార్ట్ 1791లో క్లారినెట్ కన్చెర్టో రాసింది దీనికోసమే. ఆయన చేతిరాత ప్రతి దొరకలేదు. 1801లో అచ్చయినది మామూలు క్లారినెట్‌కు మార్చిన పాఠం కావడంతో, ఆ మంద్రస్వరాలు 20వ శతాబ్దం దాకా శ్రోతలకు అందలేదు.