పోచంపల్లి: భూమి, బట్ట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



రాజుల చరిత్రను శాసనములు చెప్పును. పల్లెల చరిత్రను చెప్పునవి మూడు: పొలము గట్టు, పెద్దల నోటిమాట, లెక్కల కట్ట. వీనిలో నోటిమాట మొదట మాసిపోవును. 25 ఏండ్లు నిండిన గ్రంథాలయములో పోచంపల్లి చరిత్రను చెప్పుకొనుట యందుకే యుచితము.

చిరకాలము నల్లగొండ జిల్లాలో నుండి, 2016లో ఏర్పడిన యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన ఈ యూరు హైదరాబాదునకు 50 కిలోమీటర్ల లోపున నున్నది. చుట్టును చెలకలు, గుండ్లు, చెరువులు, తాటి వనములు. వాన కురిసి చెరువు నిండిన తరి పండును. లేనిచో ఖుష్కియే గతి. 2018లో పురపాలక సంఘ మేర్పడినను జనుల నోట నిది ఇంకను ఊరే. ఈ యూరికి రెండు కీర్తులు కలవు. ఒకటి భూదానము, రెండవది చిటికి నేత. ఈ రెంటికిని మూల మొక్కటే ప్రశ్న: కష్టపడువానికి కూడు దొరకు టెట్లు?

1946 మొదలు తెలంగాణములో సాయుధ పోరాటము సాగినది. 1948 సెప్టెంబరులో నిజాము ప్రభుత్వము అంతరించినను భూమి తగవు తీరలేదు. 1951 ఏప్రిలులో హైదరాబాదు చెంత శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము జరిగినది. ఆచార్య వినోబా భావే వార్ధా ప్రాంతమునుండి దానికి కాలినడకనే వచ్చిరి. సమ్మేళనము ముగిసిన పిదప పల్లెలను చూడగోరి నడచుచు ఏప్రిల్ 18న పోచంపల్లి చేరిరి.

ఆ కాలమున హరిజనవాడ యని పిలువబడిన వాడకు వారు వెళ్లి, బ్రదుకునకు ఏమి కావలెనని యడిగిరి. ఆ వాడవారు ధాన్యమును అడుగలేదు, ధనమును అడుగలేదు. 40 కుటుంబములకు 80 ఎకరములు, అందు తరి 40, ఖుష్కి 40, కావలెననిరి. ఆ కోరికలోని లెక్కను గమనింపుడు. కుటుంబమునకు రెండెకరములు, ఒకటి నీటి పొలము, ఒకటి మెట్ట. వాన తప్పినచో ఒకటి, కురిసినచో రెండును. ఎంతటి వ్యవసాయ పండితుడైనను ఇంతకంటె మితముగ అడుగలేడు. వినోబా మొదట ప్రభుత్వమునకు వ్రాయుదమని తలచి, పిమ్మట అక్కడ చేరిన వారి వంక చూచి, ఊరిలోని వా రెవరైన ఇయ్యగలరా యని యడిగిరి. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరములు ఇచ్చెద మనిరి. తమ భూమిలో సగము అర్హులకు చేరవలెనని వారి తండ్రిగారు కోరియుండిరట.

అడిగినది 80, వచ్చినది 100. ఆనాటి నుండి ఊరి పేరు భూదాన్ పోచంపల్లి యైనది. వినోబా దేశమంతట ఇంచుమించు 13 ఏండ్లు నడచిరి. లక్షల ఎకరములు దానముగ వచ్చినవి. ఆ మొత్తము 40 లక్షల ఎకరములను మించినది. కాని అందులో పేదలకు పంచబడినది సుమారు సగమే. కొంత రాళ్ల నేల, కొంత తగవులలోని నేల, కొంత కాగితము మీది నేల.

వామనునకు మూడడుగులు ఇచ్చెదనని బలి పలికినంతనే దానము ముగియలేదు. నీటిధార పడవలసి వచ్చినది, అడుగు కొలువవలసి వచ్చినది. ఊరి లెక్కలలోను అంతే. నంబరు, హద్దు, విస్తీర్ణము తేలి, ఇచ్చినవారి పేరు మాఱి పుచ్చుకొన్నవాని పేరు పహాణీలో నెక్కి, దున్నువాడు గట్టుపై నిలిచి ఇది నాదని చెప్పగలిగిననాడు దానము దానమగును. అందుచేతనే 1965 నాటి భూదాన గ్రామదాన చట్టము, ఆ భూమి పుచ్చుకొన్నవాని బిడ్డలకు చెందవచ్చును గాని అమ్మరాదని నిర్ణయించినది. నగరము పెరిగి ఎకరము విలువ ఆకాశమంటిన కొలది ఆ భూములపై తగవులును పెరిగినవి. దాత పేరు అందఱికి తెలియును; గట్టు ఎక్కడ నున్నదో తెలిసినవారు తగ్గిపోవుచున్నారు.

ఇక రెండవ కీర్తి. ఆదిపర్వములో ఉదంకుడు నాగలోకమునకు పోయి, ఇద్దఱు స్త్రీలు తెల్లని, నల్లని నూలుతో బట్ట నేయుట చూచినాడు. అవి పగలును రాత్రియు నని పెద్దలు చెప్పుదురు. పద్మశాలి యింటిలో ఆ మాట కథ కాదు. పగలు రాత్రి కలిసిననే గాని చీర దిగదు.

ఈ నేత ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో చీరాల వైపునుండి ఈ సీమకు వచ్చినది. చీరాల తేలియా రుమాళ్లు అరబ్బు దేశముల దాక పోయెడివి. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిదలోను నానబెట్టి పదును చేయుటచేత ఆ పేరు వచ్చినది. పోచంపల్లిలో మొదట నూలు బట్టయే. పట్టు ప్రబలినది 1960 తరువాత. బట్ట నేసి రంగు వేయుట ఇతరుల పద్ధతి. ఇక్కడ నూలుకే ముందుగ రంగు వేయుదురు. గీతల కాగితము మీద నమూనా గీసి, దాని ప్రకారము పోగులను చిన్న చిన్న కట్టలుగ రబ్బరు పేలికలతో బిగించి, రంగులో ముంచుదురు. కట్టిన చోట రంగు పట్టదు. విప్పి, మఱల కట్టి, మఱియొక రంగు. అంతయు నయిన పిదప పడుగు, పేక మగ్గముపై కలిసినప్పుడు పువ్వు విచ్చును. ముడి వెంట్రుకవాసి జరిగిన పువ్వు చెదరును.

ముడి వేయుటకు ముందు ఆసు పోయవలెను. అర్ధచంద్రాకారముగ నాటిన మేకుల చుట్టు పోగును త్రిప్పవలెను. ఒక చీరకు చేయి సుమారు 9,000 మారులు కదలును. ఈ పని ఇంటి స్త్రీలది. భుజము నొప్పియు వారిదే. ఆలేరు చెంత శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశంగారు తల్లి లక్ష్మి బాధ చూడలేక, ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రమును నిర్మించి దానికి ఆమె పేరే పెట్టిరి. 2017లో వారికి పద్మశ్రీ లభించినది. పెద్ద చదువు లేనివాడు తల్లి భుజమును చూచి చేసిన పని యిది.

లోకమున ఈ నేతకు ఇకత్ అను పేరు. అది ఇండోనేషియా వారి మాట. కట్టుట యని యర్థము. ఆ దేశమున బాలి ద్వీపములో తెంగానన్ అను చిన్న పల్లె కలదు. పడుగును, పేకను రెంటిని ముడివేసి నేయు విద్య ప్రపంచములో కొలది తావులనే కలదు. ఇచట పుట్టపాక, గుజరాతులో పాటన్, అచట తెంగానన్. ఆ యూరివారి గెరింగ్‌సింగ్ వస్త్రము రోగము రానీయదని వారి నమ్మిక, శుభకార్యములలో ధరింతురు. ఒక్క వస్త్రమునకు ఏండ్లు పట్టుటయు కలదు. ఇంకొక విశేషము: ఆ యూరి పొలములు ఊరి ఉమ్మడి సొత్తు; ఊరి కట్టుబాటు ప్రకారము వెలివారికి అమ్మరాదు. పోచంపల్లికి చట్టము చెప్పినది వారికి కట్టుబాటు చెప్పినది. అయితే వారు ముఖ్యముగ తమ వేడుకలకు నేయుదురు. పోచంపల్లి నేతగాడు అంగడికి నేయును. అందుచేత ధర యెవరు నిర్ణయింతురను ప్రశ్న ఇతనిని విడువదు.

2005లో పోచంపల్లి ఇకత్ పేరునకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఈ యూరిని ఉత్తమ పర్యాటక గ్రామములలో చేర్చినది. గౌరవమే. కాని మిల్లు బట్టపై ఇదే పువ్వును అచ్చువేసి తక్కువ ధరకు అమ్మువారు మానలేదు. కొనువాడు బట్టను తిరుగవేసి చూడవలెను. చిటికి బట్ట రెండు ముఖముల ఒకే రంగు. పువ్వు అంచు కొంచెము చెదరి యుండును. అచ్చు బట్ట వెనుక వెలవెలబోవును.

కాబట్టి సభాసదులారా! కీర్తి వచ్చినంతమాత్రమున పని తీరలేదు. దానమునకు హద్దురాయి కావలెను, నేతకు కూలి గిట్టవలెను. ఈ రెంటికిని సాక్ష్యము వ్రాతయే. గ్రంథాలయమన కొన్న పుస్తకములు దాచు చోటు మాత్రమే కాదు. భూదాన భూముల నంబర్లు, హద్దులు, పుచ్చుకొన్నవారి పేర్లు ప్రతి యెత్తి యొక బీరువాలో నుంచవలెను. పాత నమూనాల కాగితములు ఎలుకల పాలు కాకమునుపే సేకరింపవలెను. ఆసు, చిటికి, కండె, పన్నె యను మాటలను వృద్ధుల నోట విని వ్రాయవలెను. 40 కుటుంబములు ఏమడిగినవో వ్రాసి యుంచినందుననే నేడు తెలిసినది. నేడు వ్రాయనిది స్వర్ణోత్సవమునాటికి ఎవరికిని తెలియదు.

గ్రంథాలయము వర్ధిల్లుగాక! దున్నువాని గట్టు, నేయువాని మగ్గము చల్లగ నుండుగాక!

స్వస్తి.