ఆదివారం పొద్దున ఎవరు లేపుతారు?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ చదివే కుర్రాణ్ని కాలేజీకి లేపాలంటే అమ్మ నాలుగుసార్లు కేకెయ్యాలి. అదే కుర్రాడు ఆదివారం తెల్లారేసరికి బ్యాటు పట్టుకుని వీఎం హోమ్ మైదానంలో ఉంటాడు. లేపిందెవరు? స్నేహితులు. అవతల పదిమంది ఎదురుచూస్తుంటే నిద్రెలా పడుతుంది?

ఆరోగ్యానికి మంచిదిరా అంటే ఈ వయసుకు చెవికెక్కదు. సరదా, జట్టు, ఆట తానే ఎంచుకున్నానన్న ధీమా, ఇవీ కాళ్లను కదిలించేవి. మనస్తత్వ శాస్త్రవేత్తలు డెసీ, రయాన్ చెప్పిందీ దాదాపు ఇదే. స్వేచ్ఛ, నేర్పు, అనుబంధం దొరికిన పనిలోకి మనిషి తనంతట తానే దిగుతాడు.

ఎదిగే పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల వ్యాయామం కావాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. 2016 లెక్కల్లో ప్రపంచవ్యాప్తంగా 11–17 ఏళ్లవారిలో 81 శాతం మందికి అది లేదు. ఆడపిల్లల్లో 85 శాతం. మన మైదానాల్లో వాళ్లకు చోటు తక్కువే, ఒప్పుకుందాం. అయినా నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌కు తండ్రి అండగా నిలిచారు. 2022లో ఆమె బాక్సింగ్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు.

ఈ ఆదివారం మీ అమ్మాయి చేతికీ ఓ షటిల్ రాకెట్ ఇచ్చి పంపండి. ఆ గంటసేపు మార్కుల మాటెత్తకండి.