అంగడికి దారి



గ్రంథాలయ రజతోత్సవ సభలో అంగళ్ల వెబ్‌సైట్ల ప్రసక్తి యేల యని కొందరికి సందేహము కలుగవచ్చును. కాని యీ రెంటికిని సంబంధము దగ్గరిదే. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రములలో నాలుగవది, పాఠకుని కాలమును ఆదా చేయవలెనని చెప్పుచున్నది. బీరువాలో ఎంత మంచి గ్రంథమున్నను, పట్టికలో దాని పేరు సరిగా లేనిచో పాఠకునికి అది లేనట్లే. చిన్న వర్తకుని వెబ్‌సైటునకును ఇదే న్యాయము వర్తించును.

వరాహనది యొడ్డున ఏటికొప్పాక గ్రామము కలదు. అచ్చటి పనివారు అంకుడు కఱ్ఱను మలచి, చెట్లనుండి తీసిన రంగులు కలిపిన లక్కను పూసి బొమ్మలు చేయుదురు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. అట్టి బొమ్మలమ్ము చిన్న యంగడి యొకటి వెబ్‌సైటు పెట్టుకొన్నదని భావింపవచ్చును. మొదటి పుటలో చిత్రములు కదలాడుచుండును. ‘అద్భుత కళాఖండములు’ అను అక్షరములు మెఱయుచుండును. దసరా బొమ్మల కొలువునకు లక్కపిడతలు కొనగోరి హైదరాబాదులోని యొక గృహిణి దానిని ఫోనులో తెరచును. వెల యెంత? తమ యూరికి పంపుదురా? ఎవరికి ఫోను చేయవలెను? జవాబు కానరాదు. చిత్రములు బరువై పుట తెరచుకొనుటయే ఆలస్యము. ఆమె విసిగి మరియొక చోటికి పోవును. ఆ నష్టము వెబ్‌సైటు చేసినవానిది కాదు. బొమ్మ మలచిన పనివానిది.

కావున మొదటి పుటలోనే అంగడి పేరు, ఊరు, అమ్మెడి వస్తువులు, తెరచియుండు వేళలు స్పష్టముగా నుండవలెను. ఫోను నంబరు వ్రేలితో తాకిన వెంటనే పిలుపు పోవునట్లుండవలెను. చిత్రముల పరిమాణము తగ్గింపవలెను. ప్రతి వస్తువు క్రిందను వెల, కొలత, పంపుటకు పట్టు దినములు వ్రాయవలెను.

ఇక వెదకువారికి కనబడు విషయము. గూగుల్ వంటి సెర్చ్ ఇంజను ప్రధానముగా అక్షరములను చదివి పట్టిక కట్టుకొనును. పేరును, వెలలను చిత్రములో ఇమిడ్చినచో అది వానిని గ్రహించునన్న నమ్మకము లేదు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుండియే యున్నది. అయినను అచ్చుపనికై ఏర్పడిన పాత ఫాంట్లలో కూర్చిన తెలుగును అట్లే వెబ్‌సైటులో పెట్టినచో, యంత్రమునకు అది అర్థము లేని గుర్తుల వరుస మాత్రమే. మాటల యెన్నికయు ముఖ్యమే. కొనువారు ‘కళాఖండములు’ అని వెదకరు; ‘లక్కపిడతలు’, ‘చెక్క బొమ్మలు’, ‘ఏటికొప్పాక బొమ్మలు’ అని వెదకుదురు. ఆ మాటలే పుటల శీర్షికలలో నుండవలెను. ఒక్కొక్క పుటకు వేరు శీర్షిక యుండుట మేలు.

గూగుల్ పటములో అంగడిని ఉచితముగా నమోదు చేసికొనవచ్చును. వెబ్‌సైటులోని పేరు, చిరునామా, ఫోను నంబరు అచ్చటను అవియే యుండవలెను. సమీపపు అంగళ్లను చూపునపుడు వెదకిన మాటకు తగినదా, ఎంత దూరమున నున్నది, ఎంత ప్రసిద్ధమైనది అను మూడింటిని ప్రధానముగా చూతుమని గూగుల్ చెప్పుచున్నది. ప్రకటనలకు సొమ్ము చెల్లింపవచ్చును గాని, సహజ ఫలితములలో ప్రథమ స్థానము సొమ్ముతో కొనుటకు వీలులేదు. కావున ప్రథమ స్థానము తప్పక యిప్పింతుమని సొమ్మడుగువారి మాట చిన్న వర్తకుడు నమ్మరాదు. దొంగ ప్రశంసలు వ్రాయించుటయు తగదు. మేలైన సరకు కొన్నవారు మనసార వ్రాసిన నాలుగు మాటలే చాలును.

ఇన్ని చెప్పినను పరీక్ష యొక్కటే. అంగడి నెఱుగని యొక పెద్దామె చేతికి ఫోను ఇచ్చి, లక్కపిడతల వెల కనుగొనుమని కోరవలెను. నోరు మెదపక ఆమె యెచ్చట ఆగునో గమనింపవలెను. ఆమె ఆగిన చోటనే దిద్దుబాటు అవసరము.

పుస్తకమునకు పాఠకుని చేర్చుట గ్రంథాలయ సేవ. గ్రామమందలి పనివాని చెంతకు కొనుగోలుదారుని చేర్చుటయు అట్టి సేవయే. ఇచ్చట చదువుకొన్న యువకులు సెలవు దినమున ఒక పూట ఊరి చేతిపనివాని ప్రక్కన కూర్చుండి, అతని పుటను దిద్దిపెట్టినచో, గ్రంథాలయమిచ్చిన విద్య ఆ యింటి పొయ్యి వఱకు చేరినట్లగును.