స్నానాలగది తలుపుకు తిరుగుడు గడియ

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శి గారు కరువు భత్యం బకాయిల గురించి గంటసేపు చెప్పారు. ఆ తరువాత గడియ గురించి మాట్లాడటానికి నేను లేచాను. నవ్వేవారు నవ్వవచ్చు. అయితే నేను డ్రాయింగు ఆఫీసులో 31 ఏళ్ళు పని చేసినవాణ్ణి, నాకు తెలిసిన భాష అదే.

విషయం ఇది. మన ఇళ్ళల్లో స్నానాలగది తలుపుకు లోపలివైపు ఏముంటుంది? జానెడు పొడవున టవర్ బోల్టు ఉంటుంది. అది పక్కకు జరుగుతుంది, లేదా పైకి జరుగుతుంది. లోపలి మనిషి వేసుకుంటే లోపలి మనిషే తీయాలి. బయటివాడికి దాని మీద ఏ అధికారమూ లేదు. ముప్పై ఏళ్ళ వయసులో ఇది సౌకర్యమే. డెబ్బై దాటాక సౌకర్యం అని అనలేం.

మన సభ్యులలో ఒకరి ఇంట్లో జరిగింది చెబుతాను, పేరు చెప్పను. ఆయన భార్య ఉదయం ఆరు గంటలకు స్నానానికి వెళ్ళి, తడి నేల మీద కాలు జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. స్పృహ ఉంది, మాట ఉంది, లేచి చేయి చాపే శక్తి లేదు. గడియ ఆమె తలకు మూడడుగుల ఎత్తున ఉంది. ఈయన బయట నిలబడి తలుపు కొడుతున్నారు. పక్కింటి కుర్రాళ్ళు వచ్చి భుజాలతో తోశారు. తలుపు లోపలికి తెరుచుకునేది, ఆమె పడి ఉన్నది సరిగ్గా తలుపు వెనకే. గట్టిగా తోస్తే ఆమెకే దెబ్బ. చివరకు వడ్రంగి వచ్చి బందులు ఊడదీసేసరికి గంటన్నర అయింది. ఆమె తరువాత కోలుకున్నారు గాని, ఆ గంటన్నర గురించి ఆయన నాతో చెప్పిన తీరు నేను మరచిపోలేదు.

ఇది ఒక్క ఇంటి కథ అనుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. వారిలో ఎక్కువమంది అరవై దాటినవారు. పడటం ఒక ప్రమాదమైతే, పడినచోటనే ఎక్కువసేపు ఉండిపోవడం రెండో ప్రమాదం. చల్లటి నేల, దాహం, ఒకేవైపు ఒత్తుకుపోయిన కండరాలు, ఇవన్నీ కలిసి మనిషిని దెబ్బకంటే ఎక్కువ కుంగదీస్తాయి. పడకుండా చూసుకోవడం డాక్టర్లు చెబుతారు, చెప్పాలి. పడిన మనిషి దగ్గరకు రెండు నిమిషాల్లో చేరడం మాత్రం మన ఫిట్టర్ల పని.

ఇందుకు జరిగే గడియ పనికిరాదు, తిరిగే గడియ కావాలి. కారణం చాలా సామాన్యమైనది. జరిగే కమ్మీని తలుపు అవతలి నుంచి జరపాలంటే తలుపుకు పొడవైన చీలిక కొయ్యాలి. తిరిగేదానికి ఇరుసు ఉంటుంది. ఆ ఇరుసును తలుపులోంచి బయటకు తీసుకుపోవడానికి ఒక గుండ్రటి రంధ్రం చాలు. బయటి కొసన తల మీద ఒక గాడి పెడితే రూపాయి బిళ్ళతో తిప్పవచ్చు. అమెరికాలో పిల్లల దగ్గర ఉండి వచ్చినవారు చూసే ఉంటారు, అక్కడి ఇళ్ళల్లో స్నానాలగది పిడికి బయటివైపు చిన్న రంధ్రం ఉంటుంది. అందులో సన్నటి చువ్వ గుచ్చితే గడియ ఊడుతుంది. మనకు చువ్వ కన్నా బిళ్ళే మేలు. కంగారులో చువ్వ దొరకదు, బిళ్ళ ఎవరి జేబులోనైనా ఉంటుంది.

మన తాతల నాటి అలమారకు మేకు మీద తిరిగే చిన్న చెక్కముక్క ఉండేది, గుర్తుందా? అదే తిరుగుడు గడియ. దాని లోపం ఏమిటంటే ఎంతైనా తిరుగుతుంది. కిందికి తిప్పినా తెరుచుకుంటుంది, పైకి తిప్పినా తెరుచుకుంటుంది, ఇంకాస్త తిప్పితే మళ్ళీ మూసుకుంటుంది. మేకు వదులైతే దానంతటదే వేలాడుతుంది. అలమారకు పరవాలేదు. తడి చేయి, కళ్ళజోడు లేని కళ్ళు, కంగారు ఉన్నచోట అది పనికిరాదు. పాత ఇత్తడి కుళాయికీ ఇప్పటి పావుచుట్టు కుళాయికీ ఉన్న తేడా చూడండి. పాతది ఎన్ని చుట్లు తిప్పితే కట్టుకుంటుందో తెలియదు. కొత్తది పావుచుట్టుకు ఆగిపోతుంది, కంటితో చూసినా తెలుస్తుంది. కాబట్టి ఈ గడియ రూపకల్పనలో అసలు ప్రశ్న ఎలా తిప్పాలన్నది కాదు, ఎక్కడ ఆపాలన్నది.

ఎంత దూరం తిరగాలో మొదట చూద్దాం. నాలుక పొడవు ఇరుసు నుంచి 60 మిల్లీమీటర్లు అనుకోండి. ఇరుసు నుంచి తలుపు అంచుకు 45. అంచు నుంచి 3 మిల్లీమీటర్లు లోపలికి రావాలంటే లెక్క ప్రకారం 46 డిగ్రీలు లేస్తే సరిపోతుంది. అయినా నేను 90 పెట్టమంటాను. అడ్డంగా ఉంటే మూసినట్టు, నిలువుగా ఉంటే తెరిచినట్టు, దూరం నుంచి కూడా సందేహం ఉండదు.

రెండో ప్రశ్న, ఆపే అడ్డు ఎక్కడ ఉండాలి? బజారులో దొరికే చౌకరకాల్లో దీన్ని ఇరుసు పక్కనే చిన్న బొడిపెగా పెడతారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కాని లెక్క వేయండి. పిడి పొడవు 75 మిల్లీమీటర్లు. భయపడిన మనిషి దాని కొసను 20 కిలోల బలంతో తోస్తే 1500 కిలో-మిల్లీమీటర్ల మెలి వస్తుంది. అడ్డు ఇరుసుకు 10 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే దాని మీద 150 కిలోలు పడుతుంది, 30 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే 50 కిలోలే. అల్యూమినియం పోత బొడిపె 150 కిలోలకు నాలుగు నెలల్లో అరిగి, ఐదో నెలలో విరుగుతుంది. అందుచేత అడ్డును వీలైనంత బయటికి జరపండి. మరికొందరు అడ్డు అవసరమే లేదు, ద్వారబంధానికి బిగించిన పట్టులో నాలుక కూర్చుంటే అదే ఆగుతుంది అంటారు. అలా చేస్తే ప్రతి దెబ్బా పట్టు మరల మీద పడుతుంది, మరలు చెక్కలోంచి ఊడతాయి. రెండు అడ్డులూ గడియ పలక మీదే ఉండాలి, ద్వారబంధానికి వాటితో పని ఉండకూడదు.

దీనిలో ఇంకో లాభం ఉంది. వానాకాలంలో తలుపు ఉబ్బుతుంది, బందులు అరిగి కిందికి వాలుతుంది. అప్పుడు నాలుక పట్టులో ఇరుక్కుంటుంది. అడ్డు పలక మీద ఉంటే నాలుక ఎక్కడ ఆగాలో పట్టు నిర్ణయించదు కాబట్టి, పట్టు అడుగున 4 మిల్లీమీటర్లు, ముందువైపు 3 మిల్లీమీటర్లు ఖాళీ వదలవచ్చు. తలుపు కాస్త వాలినా ఏమీ కాదు. అడ్డుకు బదులు పలకలో చాపంలా గాడి కోసి అందులో పిన్ను నడపవచ్చు అని డ్రాయింగు పుస్తకాలు చెబుతాయి. యంత్రానికి మంచిదే. స్నానాలగదిలో ఆ గాడిలో సబ్బు మడ్డి గట్టిపడి ఆరు నెలల్లో 90 డిగ్రీలు కాస్తా 70 అవుతుంది. తెరిచి ఉన్న రెండు భుజాలే మేలు.

ఇక స్ప్రింగు. నేను వద్దంటాను. తడిలో తుప్పు పట్టి విరుగుతుంది, విరిగినట్టు ఎవరికీ తెలియదు. బరువుతోనే పని జరగాలి. సిగ్నల్ శాఖలో పని చేసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. అప్పర్ క్వాడ్రంట్ సెమాఫోర్ చేయి అడ్డంగా ఉంటే ఆగమని, 45 డిగ్రీలు లేస్తే జాగ్రత్త అని, 90 లేస్తే పొమ్మని అర్థం. తీగ తెగితే తన బరువుకే అడ్డంగా పడిపోతుంది, బండి ఆగుతుంది. అక్కడ క్షేమం ఆగడంలో ఉంది కాబట్టి బరువును అటువైపు పెట్టారు. స్నానాలగదిలో క్షేమం తెరుచుకోవడంలో ఉంది. అలాగని వేసిన గడియ దానంతటదే ఊడకూడదు, మర్యాద కూడా ఉంది కదా! ఈ రెండింటినీ కలపడానికి నాలుకనూ పిడినీ ఒకే కమ్మీగా కాక, వాటి మధ్య 120 డిగ్రీల వంపు ఉండేటట్టు చేయాలి. గడియ వేసి ఉన్నప్పుడు నాలుక అడ్డంగా ఉంటుంది, పిడి నిటారుకు 30 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. నాలుక బరువు మూసేవైపు లాగుతుంది, పిడి బరువు తెరిచేవైపు.

ఇత్తడిలో నాలుకను 12 మిల్లీమీటర్ల వెడల్పు, 8 మందం చేస్తే సుమారు 50 గ్రాములు తూగుతుంది. పిడిని అదే వెడల్పుతో 4 మందం చేస్తే 30 గ్రాములు. ఈ కొలతలకు నాలుక దాదాపు 18 డిగ్రీలు లేచేదాకా మూసుకునేవైపే మొగ్గు ఉంటుంది. అది దాటగానే పిడి బరువు గెలిచి గడియ పూర్తిగా తెరుచుకుని అడ్డుకు తగిలి ఆగుతుంది. మధ్యలో నిలవదు. పట్టు లోతు 18 మిల్లీమీటర్లు పెడితే నాలుక కొస పట్టులోంచి బయటపడేదీ దాదాపు అక్కడే. ఇరుసు మాత్రం రంధ్రంలో బిగుతుగా ఉండకూడదు, ఈ బరువులు చిన్నవి. 0.3 మిల్లీమీటర్ల వదులు ఉంచమని లేతు పనివాడికి గట్టిగా చెప్పండి. వాళ్ళు బిగుతుగా చేయడమే గొప్ప అనుకుంటారు.

పిడిని వెనక్కి ఎందుకు వాల్చానంటే, దాని కొసకు ఒక తాడు కట్టడానికి. సన్నటి నైలాన్ తాడు, నేలకు జానెడు ఎత్తుదాకా వేలాడుతుంది, చివర ప్లాస్టిక్ ఉంగరం. పడిన మనిషి పడినచోటి నుంచే లాగవచ్చు. పిడి నిటారుగా ఉంటే తాడును ఎంత కిందికి లాగినా తిరగదు, 30 డిగ్రీల వాలు ఉంటే తిరుగుతుంది. ఆ తాడు బరువునూ లెక్కలో వేసుకోవాలి. ఉంగరంతో కలిపి 10 గ్రాములు దాటనివ్వవద్దు. ఇత్తడి గంట కట్టాలని ఉబలాటపడితే గడియ తనంతట తాను ఊడుతుంది. పైన చెప్పిన 18 డిగ్రీలు ఈ 10 గ్రాములు కలిపి కట్టినవే.

చేతి బలం సంగతి. కీళ్ళవాతం ఉన్నవారికి పిడికిలి బిగించడమే కష్టం. అమెరికాలో ప్రజలు వాడే భవనాలకు 2010లో పెట్టిన ప్రమాణాల ప్రకారం ఇలాంటి పిడి ఒక చేత్తో, గట్టిగా పట్టకుండా, మణికట్టు మెలితిప్పకుండా తిరగాలి. బలం 5 పౌన్లు, అంటే 2 కిలోల 270 గ్రాములు మించరాదు. నేను ఇంట్లో అర కిలో హద్దు పెట్టమంటాను. దానికి కారణం బయట ఉన్న బిళ్ళ. రూపాయి బిళ్ళ అడ్డకొలత 22 మిల్లీమీటర్లు అనుకుంటే, మన వేళ్ళకు దొరికే పట్టు 11. లోపలి పిడి 75. పిడి దగ్గర అర కిలో కావలసిన చోట బిళ్ళ అంచు దగ్గర 3 కిలోల 400 గ్రాములు కావాలి. లోపల కాస్త బిగిస్తే బయట ఏడింతలు బిగిసినట్టు. ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే రోజున ఒక అర కిలో చక్కెర పొట్లం పిడి కొసకు కట్టి చూడండి. వాలుగా ఉన్న పిడి మీద బరువు పని చేసేది సగమే కాబట్టి, అది తిరిగితే గడియ బాగున్నట్టు. తిరగకపోతే విప్పి కడగండి. నూనె వేయకండి, సబ్బు నురగతో కలిసి జిగురవుతుంది.

బిళ్ళ గాడి వెడల్పు రెండున్నర మిల్లీమీటర్లు పెట్టించండి, రూపాయి బిళ్ళ దూరుతుంది. తల బయటకు పొడుచుకు రాకుండా చూడండి, మనవలు ఆడుకోకుండా. అయినా ఆడుకుంటారు.

ఇంత చేసినా తలుపు లోపలికే తెరుచుకునేదైతే, ఇందాక చెప్పిన ఇంటి పరిస్థితే. గడియ ఊడుతుంది, తలుపు కదలదు. వీలైనవారు తలుపును బయటికి తెరుచుకునేటట్టు మార్పించండి. బందులు మార్చడం వడ్రంగికి ఒక పూట పని. అలా మారిస్తే తలుపు ముఖమూ ద్వారబంధం లోపలి ముఖమూ సమంగా ఉండవు. గడియ పలక కింద చెక్క దిమ్మ వేసి ఎత్తు సరిచేయాలి. ఒక మేలు ఏమిటంటే నాలుక ద్వారబంధానికే ఆనుకుంటుంది, పట్టు మరల మీద భారం ఉండదు. అద్దె ఇళ్ళల్లో ఉన్నవారు యజమానిని అడగాలి. గడియ ఒక్కటీ మార్చడానికి ఎవరూ కాదనరు, తలుపు దగ్గరే పేచీ వస్తుంది.

ఖర్చు గురించి ఒక మాట. బజారులో బయట బిళ్ళ గాడి ఉన్న గడియలు దొరుకుతాయి. అడ్డు ఎక్కడుందో, ఎన్ని డిగ్రీలకు ఆగుతుందో విప్పించి చూసి కొనండి. చేయించుకునేవారికి నేను గీసిన డ్రాయింగు కాపీలు ఆఫీసు బల్ల మీద ఉన్నాయి. కొలతలన్నీ పెద్ద అక్షరాలతోనే రాశాను. తలుపు మందం ఒక్కటి మీరు కొలుచుకుని ఇరుసు పొడవు గడిలో నింపుకోవాలి. ఒంటరిగా ఉంటున్న సభ్యులు పక్కింటివారికి బిళ్ళ సంగతి ముందే చూపించి ఉంచండి, వీధి తలుపు తాళం చెవి ఒకటి వారి దగ్గర పెట్టండి. భోజనాలకు ఇంకా పావుగంట ఉందంటున్నారు. ఎవరికైనా సందేహాలుంటే ఈలోగా అడగవచ్చు.