బంతి నేర్పిన బడిపంతులు



ఊరగాయలూ వడియాలూ, పిల్లల చదువులూ, ఇంటి ఖర్చులూ, మనం మాట్లాడుకోవటానికి ఎన్నో ఉండగా ఈ రోజు బంతాట గురించి, అదీ బంతాట నేర్పిన ఒక పంతులుగారి గురించి చెబుతానంటే మీకు వింతగా ఉండవచ్చు. నాకూ ఆటలకూ ఆమడ దూరం. అయినా ఈ మాట చెప్పుకోక తప్పదు. ఎందుకంటే నేనొక తప్పు చేశాను. అటువంటి తప్పు మీలో కొందరు కూడా ఎప్పుడో ఒకప్పుడు చేసే ఉంటారు.

మాది బనగానపల్లె. పోయిన ఎండాకాలం పక్కింటి అమ్మాయీ నేనూ మా వసారాలో కూర్చుని ఊరగాయకు మామిడికాయలు తుడుస్తున్నాం. అప్పుడు వాళ్లబ్బాయి చదివే బడిలో డ్రిల్లు మాస్టారు వచ్చాడు. ఆ పిల్లవాడు తొమ్మిదో తరగతికి వస్తున్నాడు. సాయంత్రమయితే చాలు, రెండు నాపరాళ్లు నిలబెట్టి వాటి మధ్యకు బంతి తన్నటమే వాడి పని.

"పిల్లోని కాళ్లల్లో పనుందమ్మా. నంద్యాలలో ఇరవై దినాలు ఆట నేర్పిస్తారు, పంపించండి. బస్సు చార్జీ నేను పెట్టుకుంటా" అన్నాడాయన.

ఆ అమ్మాయి నా మొహం చూసింది. "నువ్వే చెప్పక్కా" అంది. ఇంకేం, పెద్దరికం నెత్తికెత్తుకున్నాను. "చదువుకునే పిల్లోణ్ణి ఎండలో తిప్పి చెడగొట్టొద్దు సార్. ఈ బంతి రేపు వానికి కూడు పెడుతుందా?" అన్నాను. పైగా, ఎవరి పిల్లవాడికో ఈయన చార్జీ ఎందుకు పెట్టుకుంటాడు, ఇందులో ఏదో ఉందిలే అని మనసులో అనుకున్నాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. మంచినీళ్ల గ్లాసు కింద పెట్టి, "రహీం సాబు కూడా బడిపంతులేనమ్మా. ఆయన పిల్లోళ్లను చెడగొట్టలేదు" అని లేచి వెళ్లిపోయాడు.

రహీం సాబు ఎవరో నాకు తెలియదు. ఆ రాత్రి హైదరాబాదులో ఉన్న మా తమ్ముడికి ఫోను చేసి అడిగితే వాడు నవ్వాడు. "ఆయన మీద 2024లో హిందీ సినిమా కూడా వచ్చింది గదక్కా, మైదాన్ అని" అన్నాడు. సినిమా చూశాను. సినిమాలో కల్పనలుంటాయి గనక, తమ్ముడి చేత పాత సంగతులు తెప్పించుకుని చదివాను కూడా. చదివిన కొద్దీ ఆ డ్రిల్లు మాస్టారి మొహమే కళ్లముందు మెదిలింది. ఆ సంగతులే ఇప్పుడు మీకు చెబుతాను.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో బి.ఏ. చదివి బడిపంతులయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి బడులలో పనిచేశారు. ఆ తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా పుచ్చుకుని బడిలో ఆటల బాధ్యత చేపట్టారు. అంటే, మన పిల్లలకు డ్రిల్లు చెప్పే మాస్టారు ఎటువంటివాడో ఆయనా అటువంటివారేనన్నమాట. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు ఆట నేర్పటం మొదలుపెట్టారు.

ఆ రోజుల్లో బంతాట అంటే కలకత్తావాళ్లదే పేరు. అటువంటిది, బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును మన పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్లు ఎవరికీ ఇవ్వలేదు. పేరుగాంచిన డ్యూరాండ్ కప్పును కూడా ఆయన కాలంలో నాలుగుసార్లు తెచ్చింది.

ఇది ఎలా సాధ్యమయింది? ఆయన నేర్పిన తీరు వినండి. బంతి దొరికిందంటే దాన్ని కాళ్ల మధ్య తిప్పుకుంటూ ఒక్కడే పరుగెత్తి మెప్పు పొందాలని ప్రతి పిల్లవాడికీ ఉంటుంది. రహీంగారు పిల్లలకు ప్రత్యేకంగా పోటీలు పెట్టేవారు. ఆ పోటీల్లో బంతిని అలా తిప్పుకుంటూ పోకూడదు. వచ్చిన బంతిని వెంటనే తోటివాడికి అందించాలి. ఇంకో రకం పోటీలో వాటమైన కాలితో తన్నకూడదు, వాటం లేని కాలితోనే ఆడాలి. రోజూ కుడిచేత్తో ముగ్గు పెట్టే మనల్ని ఎడమచేత్తో పెట్టమంటే ఎట్లా ఉంటుంది? మొదట గీతలన్నీ వంకరే పోతాయి. నెల రోజులు అదే పనిగా పెడితే? అదీ ఆయన పద్ధతి. ఖరీదైన సామాను లేదు, పెద్ద భవనం లేదు. ఉన్న పిల్లల్నే, ఉన్న మైదానంలోనే, ఓపికగా దిద్దటం.

సికింద్రాబాదులో తులసీదాస్ బలరాం అని ఒక పేదింటి కుర్రవాడు ఉండేవాడు. అతని ఆట రహీంగారి కంట పడింది. హైదరాబాదుకు వచ్చి నేర్చుకొమ్మన్నారు. రోజూ అంత దూరం వచ్చి పోవటానికి ఆ కుర్రవాడి దగ్గర డబ్బు లేదు. అప్పుడు అద్దె సైకిలుకు డబ్బులు రహీంగారే ఇచ్చారు. ఇది చదివినప్పుడు నాకు చెంప మీద కొట్టినట్లయింది. "బస్సు చార్జీ నేను పెట్టుకుంటా" అన్న మనిషిని నేను అనుమానించాను!

ఆ అద్దె సైకిలు మీద వచ్చిన బలరాం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 1960లో రోముకూ వెళ్లాడు. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆడి పేరు తెచ్చుకున్నాడు, అర్జున అవార్డు అందుకున్నాడు. 2023 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు. బంతి కూడు పెడుతుందా అన్నాను కదా. ఆడిన ప్రతివాడికీ పెట్టదు, ఆ మాట నిజమే. చదివిన ప్రతివాడికీ చదువు పెడుతోందా, చెప్పండి?

రహీంగారు దేశం జట్టుకూ ఆట నేర్పారు. 1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగినప్పుడు, ఆఖరి ఆటలో మనవాళ్లు ఇరాన్‌ను ఒక్క గోలుతో ఓడించి స్వర్ణం గెలిచారు. మరుసటి ఏడు, 1952లో, హెల్సింకీ ఒలింపిక్స్‌కు వెళ్లారు. చలిదేశం. మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడిపోయారు. స్వర్ణం తెచ్చిన ఏడాదికే అంత అవమానం! ఇంకొకరయితే ముఖం చాటేసేవారేమో. ఆ ఓటమి తర్వాత మనవాళ్లకు బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఉత్త కాలితో బంతిని తాకే అలవాటున్న వాళ్లు బూటు కాలితో ఆట మొదటినుంచీ నేర్చుకోవాలి. రహీంగారు మళ్లీ మొదలుపెట్టారు.

నాలుగేళ్లు తిరిగేసరికి మెల్‌బోర్న్‌లో మనవాళ్లు ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించారు. అందులో మూడు గోళ్లు నెవిల్ డిసౌజా ఒక్కడే కొట్టాడు. ఆ ఏడు మనది నాలుగో స్థానం. ఒలింపిక్స్ బంతాటలో మన దేశం అంతకు మించి ఇంతవరకూ ఎక్కలేదు.

ఇక్కడ తల్లులకు చెప్పవలసిన సంగతి ఒకటుంది. రహీంగారి కొడుకు హకీం కూడా మంచి ఆటగాడే. 1960లో రోముకు వెళ్లిన జట్టులో ఉన్నాడు. కాని ఒక్క ఆటలో కూడా మైదానంలోకి దిగలేదు. నేర్పేవాడు కన్నతండ్రే. కొడుకు గట్టు మీద కూర్చున్నాడు. ఆ తండ్రి మనసు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. మనమయితే పంక్తిలో మన పిల్లవాడి విస్తట్లో ఒక గారె ఎక్కువ పడేదాకా ఊరుకోం! ఆ హకీంగారు తర్వాత వాయుసేనలో పనిచేశారు, అంతర్జాతీయ పోటీలకు రిఫరీగా ఉన్నారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు.

ఇక 1962, జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే రహీంగారికి ఊపిరితిత్తులలో క్యాన్సరు ముదిరింది. మొదటి ఆటలోనే మనవాళ్లు దక్షిణ కొరియా చేతిలో ఓడారు. తర్వాత థాయ్‌లాండ్‌నూ జపాన్‌నూ గెలిచారు గాని, జర్నయిల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. అతను వెనక కాపుకాసే ఆటగాడు. రహీంగారు అతన్ని ఇంటికి పంపలేదు. కట్టుతోనే ముందువరసలో గోలు కొట్టే చోట నిలబెట్టారు. సెమీఫైనల్లో అతను గోలు కొట్టాడు. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో తెలియటమే ఆయన విద్య.

అక్కడి జనం మనవాళ్ల మీద మండిపడుతున్నారు. ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ రానివ్వలేదని మన క్రీడాధికారి ఒకాయన తప్పుపట్టటమే దానికి కారణం. ఫైనల్‌కు ముందు రాత్రి రహీంగారు పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని, రేపు నాకొక కానుక ఇవ్వండి, ఆ స్వర్ణం తెండి అని అడిగారని ఆ ఆటగాళ్లు ముసలితనం వరకూ చెప్పుకున్నారు. సెప్టెంబరు 4న లక్షమంది జనం ఎగతాళి చేస్తుండగా, అదే దక్షిణ కొరియాతో ఆట. జ్వరంతో లేచిన తంగరాజ్ గోలు దగ్గర నిలబడ్డాడు. పి.కె. బెనర్జీ ఒక గోలు, తలకు కుట్లున్న జర్నయిల్ ఒక గోలు. 2-1తో గెలుపు మనది.

ఆ తర్వాత ఏడాది కూడా నిండలేదు. 1963 జూన్ 11న రహీంగారు వెళ్లిపోయారు. ఆయనకు యాభై మూడేళ్లు. ఆట నేర్పే గురువులకిచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో గాని మొదలు కాలేదు. ఆసియా క్రీడల పురుషుల బంతాటలో 1962 తర్వాత మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.

కప్పు మీద జట్టు పేరు చెక్కుతారు. పతకం ఆటగాడి మెడలో వేస్తారు. నేర్పినవాడు పక్కన నిలబడి చూస్తాడు. ఇది మనకు కొత్త సంగతి కాదు. పిల్లవాడికి మంచి మార్కులొస్తే వాణ్ణి మెచ్చుకుంటారు గాని, తెల్లవారుజామున లేపి పాలిచ్చిన చెయ్యిని ఎవరు తలుచుకుంటారు? అన్నీ తెలిసిన మనమే, మన పిల్లల కోసం ఎండలో నిలబడే ఇంకొక మనిషిని గుర్తించకపోతే ఎట్లా?

బడులు తెరిచాక నేనొక చిన్న జాడీలో ఊరగాయ పెట్టుకుని ఆ డ్రిల్లు మాస్టారి ఇంటికి వెళ్లాను. "తప్పుగా మాట్లాడినాను సార్" అన్నాను. ఆయన సిగ్గుపడిపోయి, "దానికేముందిలేమ్మా, పెద్దోళ్లు మీరు" అన్నాడు. ఆయన భార్య కాఫీ ఇచ్చింది. ఊరంతా ఆయన్ను డ్రిల్లు సార్ అంటారే గాని, పేరేమిటో నాకు అప్పటిదాకా తెలియదు. ఆ రోజు అడిగి తెలుసుకున్నాను. రేడియోలో మాత్రం చెప్పొద్దన్నాడు.

నంద్యాలలో ఆ ఇరవై రోజులు అయిపోయాయి. నా మాట వల్ల పిల్లవాడికి పోయిన ఆ అవకాశాన్ని నేను తిరిగి తెచ్చివ్వలేను. పక్కింటి అమ్మాయిని మాత్రం ఒప్పించాను. ఇప్పుడు సాయంత్రం ఆరింటిదాకా ఆట, ఆ తర్వాత చదువు. వాడు బలరాం అవుతాడని నేను అనటం లేదు. కాకపోయినా, మొన్న నా ముందే బంతిని తను తన్నకుండా తనకన్నా చిన్నవాడికి అందించాడు.

మీ పిల్లల బడిలో డ్రిల్లు మాస్టారి పేరేమిటో మీకు తెలుసా? తెలియకపోతే ఈ సాయంత్రమే పిల్లవాణ్ణి అడగండి. డ్రిల్లు గంటలో లెక్కలు చెబుతున్నారని సంతోషించే తల్లి ఉంటే, ఆమెకు రహీంగారి కథ చెప్పండి. ఇక సెలవు.